లచ్చన్న దెయ్యం మీద ఉపసంఘం

లైన్‌మన్ లచ్చన్న చచ్చిపోయి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. తుపాను రోజున స్తంభమెక్కి, ఊరికి కరెంటు ఇచ్చి, తను మాత్రం కిందికి దిగలేదు. పోయినవాడు పోయినట్టు ఊరుకోకుండా దెయ్యమయ్యాడు. దెయ్యమైనవాడు తోటి దెయ్యాల్లా చింతచెట్టు పట్టుకుని వేలాడకుండా జనానికి సాయం చెయ్యడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు. గొల్లవరం జిల్లా గ్రంథాలయ మండలికి అర్జీ చేరేదాకా, లచ్చన్న చచ్చినవాడన్న సంగతి ఎవరికీ అభ్యంతరంగా తోచలేదు.

అర్జీ పెట్టింది లచ్చన్న కాదు, లచ్చన్నను గీసిన కడలి గవర్రాజు. గవర్రాజు బోర్డులు రాసే ఆర్టిస్టు. గొల్లవరంలో "పళ్లు నొప్పి లేకుండా తీయబడును" అన్నా, "ఇచ్చట సైకిళ్లు పెట్టరాదు" అన్నా అది అతని చేతిరాతే. ఆ పని పొట్ట కోసం. లచ్చన్న మాత్రం మనసు కోసం. ఒక పిల్లల మాసపత్రికలో నెలకు రెండు పుటల చొప్పున లచ్చన్న కథల్ని బొమ్మల్లో గీసుకుంటూ పోయాడు. పత్రిక మూతపడేనాటికి మూడువందల పద్దెనిమిది పుటలు పోగయ్యాయి.

ఆ బొమ్మల తీరే వేరు. లచ్చన్న ఒంటి మీద డిపార్టుమెంటు వాళ్లిచ్చిన నల్ల వానకోటు. తీగల మీద పరిగెడుతుంటే అది వెనకాల రెక్కలా ఎగురుతుంది. తల మీద కోటు టోపీ, టోపీ కింద చీకటి, చీకట్లో రెండు నిప్పురవ్వలు. ముఖం ఒక్కసారి కూడా గీయలేదు. ఎవడైనా ముసలమ్మ మెళ్లో గొలుసు తెంపాడా, వీధిలో బల్బు మూడుసార్లు కొట్టుకునేది. అంతే, దొంగకు చెమటలు. దెయ్యం కాబట్టి లచ్చన్న పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. బురదలో అతని అడుగుల్ని చూసి, అటు వెళ్లాడు కదా అని దొంగ ఇటు పారిపోతే, సరిగ్గా లచ్చన్న ముందుకే వచ్చి పడేవాడు. ఇక ప్రతి కథకూ ఆఖరి గడి మొత్తం నలుపే. ఏమీ గీయడు. మూడు పూతలు ఇండియన్ ఇంకు, పూతకీ పూతకీ మధ్య పూట ఆరబెట్టడం. లచ్చన్న వెళ్లిపోయాడా, అక్కడే ఉన్నాడా అన్నది చూసేవాళ్ల గుండెధైర్యాన్ని బట్టి ఉండేది. ఆ నల్లగడిలో చెయ్యి కనిపించిందని ఒక పిల్ల, పళ్లు కనిపించాయని ఇంకో పిల్లాడు పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్లు. ఆ ఉత్తరాలన్నీ గవర్రాజు బీరువాలో భార్య పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి.

అతనికి అరవై మూడు నిండాయి. కుడికన్ను మసకేస్తోంది. ఉన్న కోరిక ఒక్కటే. లచ్చన్న పుస్తకమై పిల్లల చేతుల్లో పడాలి, పిల్లలు దుప్పటి ముసుగులో చూసి కెవ్వుమనాలి. అది జరగాలంటే జిల్లాలో ఒకటే దారి. మండలి ఆమోదిస్తే ఆరువందల నలభై బడుల గ్రంథాలయాలకు మండలే అచ్చువేసి పంపుతుంది. ఆమోదించకపోతే బీరువాలో పట్టుచీరలకు తోడుగా ఉండటమే.

సరిగ్గా ఆ సమయానికే "అభయ పఠన పథకం" ఊపు మీద ఉంది. ఎక్కడో పైన ఒక పెద్దాయన మనవరాలు పుస్తకంలో సింహం బొమ్మ చూసి ఒక పూట అన్నం మానేసిందట. ఆ పూట నుంచి రాష్ట్రంలో ఏ బిడ్డా పుస్తకం చూసి భయపడరాదని ఉత్తర్వు వచ్చింది. తొలి విడతలో పులులకు కోరలు తీసేశారు. మలి విడతలో ఆవులకు కొమ్ములు తీసేశారు. రాక్షసుల చిన్నప్పటి ఫొటోలు అడిగారు. మన గవర్రాజు దెయ్యాన్ని చంకన పెట్టుకుని ఆ గుమ్మమే ఎక్కాడు.

కౌంటరు వెనక సూపరింటెండెంటు హనుమద్దాసు ఫారం తీశాడు. ఫారం ఏదైనా ముందు నింపాలి, తర్వాత చదవాలి అన్నది అతని పద్ధతి.

"కథానాయకుడి పేరు?"

"లచ్చన్నండి. లైన్‌మన్."

"ప్రభుత్వోద్యోగా! మంచిది. జీవించి ఉన్నారా?"

"లేడండి. దెయ్యం అండి."

హనుమద్దాసు కళ్లద్దాల మీద నుంచి చూశాడు. "దెయ్యం అని కాలమ్ లేదండి. ఉన్నారు, లేరు, రెండే ఉన్నాయి. ఏది కొట్టెయ్యమంటారు?"

"ఉన్నారు అన్నది కొట్టెయ్యండి."

"అయితే మరణ ధ్రువీకరణ పత్రం జతచెయ్యాలి."

"అయ్యబాబోయ్, బొమ్మల్లో మనిషండి! నేనే చంపాను."

"మెల్లగా అనండి, పక్కన పోలీసు వాళ్ల ఆఫీసుంది," అన్నాడు హనుమద్దాసు. "బొమ్మల్లో పోయాడా, బయట పోయాడా అన్నది మా పరిధిలోకి రాదండి. పోయాడని మీరు రాశారు. మీరు రాసింది నమ్మడం మా ధర్మం. నమ్మాక పత్రం అడగటం మా బాధ్యత."

గవర్రాజు ఇంటికెళ్లి, తెల్లకాగితం మీద లచ్చన్న మరణ పత్రం బొమ్మ గీసి, గుండ్రటి ముద్ర కూడా కుంచెతో వేసి తెచ్చాడు. మూల మీద చమత్కారానికి చిన్న గుడ్లగూబను కూడా కూర్చోబెట్టాడు. హనుమద్దాసు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ముద్ర ఇంత స్పష్టంగా ఉన్న పత్రం తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, గుడ్లగూబ పక్కనే ఇనీషియల్ వేసి దస్త్రంలో కుట్టేశాడు.

దాంతో లచ్చన్న ఆఫీసు లెక్కలో నిజంగా పోయినవాడయ్యాడు. నవ్వులాటకు గీసిన ఆ కాగితమే తన కొంప ముంచుతుందని గవర్రాజుకు అప్పుడు తెలియదు.

పుస్తకాన్ని భయ నిర్ధారణ ఉపసంఘానికి పంపారు. అందులో ముగ్గురు. అధ్యక్షుడు చామర్తి వైకుంఠరావు, మండలి ప్రత్యేకాధికారి, ముప్ఫై ఏళ్లు సర్వీసు నిబంధనలు తప్ప వేరే సాహిత్యం ముట్టని నిష్ఠాపరుడు. సభ్యురాలు ప్రకాశవతి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కార్యదర్శి మన హనుమద్దాసే. గవర్రాజును కూడా "వివరణల నిమిత్తం" మూలన స్టూలు మీద కూర్చోబెట్టారు.

"పిల్లలకు చూపించి చూడొచ్చు కదండి, భయపడతారో లేదో," అన్నాడు గవర్రాజు.

"ఆమోదం పొందని పుస్తకాన్ని పిల్లలకు చూపడం నిబంధనలకు విరుద్ధం," అన్నాడు వైకుంఠరావు. "భయం లేదని తేలాకే పిల్లలకు చూపాలి. తేల్చేవరకు ఆ భయమేదో మేమే పడతాం. అది మా విధి."

భయాన్ని కొలవడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి రక్తపోటు చూసే యంత్రం తెప్పించారు. సభ్యుల జబ్బకు పట్టీ కట్టి, పుటకొకసారి గాలి కొట్టి, అంకె రాసుకోవడం. సూత్రమంతా బాగానే ఉంది గానీ ఆచరణలో పేచీ వచ్చింది. భయపడలేదు అని రాసిన సభ్యుడికి భయమంటే ఏమిటో తెలియదని తేలుతుంది కాబట్టి అతని అభిప్రాయం చెల్లదు. భయపడ్డాను అని రాసిన సభ్యుణ్ని ఉద్యోగుల ఆరోగ్య నిబంధన కింద వెంటనే విశ్రాంతికి పంపాలి. మొదటి రోజు ఎవరూ ఏమీ రాయకుండా టిఫిన్ చేసి లేచారు.

రెండో రోజు వైకుంఠరావు పద్నాలుగో పుట చూస్తుండగా కలెక్టరాఫీసు నుంచి ఫోనొచ్చింది. యంత్రంలో పాదరసం సర్రున పైకి పాకింది. ఆ పుటలో ఉన్నదల్లా లచ్చన్న టీకొట్టు వెనక మేకను నిమరడం. అయినా అంకె అంకే. మేక ఉన్న పుటను "తీవ్ర భయజనకము" కింద నమోదు చేశారు.

"ఫోనుకి పెరిగిందేమోనండి," అని గవర్రాజు నసిగాడు.

"అధికారి ఫోనుకు భయపడడు," అన్నాడు వైకుంఠరావు. "మేకే."

అసలు భయమంటూ పడింది ప్రకాశవతి ఒక్కతే. రిటైరైంది గనుక విశ్రాంతి నిబంధన వర్తించని ఆవిడ ప్రతి పుటకూ "భయము కలిగినది" అని గుండ్రటి అక్షరాల్లో రాసి, "ఏదీ, తర్వాతి పుట ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపేది. మొదటి కథ ఆఖరి నల్లగడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయింది.

"ఇందులో ఎవరో ఉన్నారండీ," అంది నెమ్మదిగా.

"ఏమీ లేదు. సిరా వృథా," అన్నాడు వైకుంఠరావు.

"ఉన్నారు. కుడి మూల చూడండి. వేళ్లు."

ముగ్గురూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని నల్లగడి మీదికి వంగారు. హనుమద్దాసుకు వేళ్లు కనిపించలేదు గానీ ఒక మోకాలు కనిపించింది. వైకుంఠరావు నాకేం కనిపించలేదంటూనే కిటికీ తలుపు బార్లా తీయించాడు. స్టూలు మీద గవర్రాజు గుండె నిండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత తన గీతలకు ఒక మనిషి ఒళ్లు జలదరించడం కళ్లారా చూశాడు. పాపం, దాన్ని ఆమోదం అనుకున్నాడు.

మూడో వారం తీర్మానాలు వినిపించారు.

"కడలి గవర్రాజుగారూ," వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. "మీ రచనలోని మౌలిక లోపం భయం కాదని ఉపసంఘం గుర్తించడమైనది. లచ్చన్నగారు విద్యుత్ శాఖ ఉద్యోగి. విధి నిర్వహణలో మరణించారు. పత్రం దస్త్రంలో ఉంది. మరణించిన ఉద్యోగి విధుల్లో కొనసాగడం ఏ సర్వీసు నిబంధన కింద?"

"దెయ్యమండి. డ్యూటీ కాదండి, దయతో చేస్తాడు."

"దయ అన్నారు కాబట్టి కారుణ్య నియామకం కిందికి వస్తుంది. మరణించిన ఉద్యోగి స్థానం అర్హుడైన వారసుడికి చెందాలి. తీగల మీద పరిగెత్తడం, నిప్పురవ్వలు, అంతర్ధానం కావడం, ఈ శక్తులన్నీ ఇన్నాళ్లూ వారసుడికి చెందకుండా ఆయనే అనుభవిస్తున్నారు. భార్య?"

"పెళ్లి చెయ్యలేదండి."

"తల్లిదండ్రులు?"

"గీయలేదండి."

"అయితే ఆయన్ని పుట్టించింది మీరే. చట్టరీత్యా వారసులు మీరే. వయసెంత?"

"అరవై మూడండి."

"వయోపరిమితి దాటింది." వైకుంఠరావు నిజంగానే విచారించాడు. "పోస్టు రద్దు. ఇక ఒకే మార్గం ఉంది. లచ్చన్నగారి మరణాన్ని మీరు ఉపసంహరించుకోండి."

గవర్రాజు నోరు తెరిచేలోపే మిగతా తీర్మానాలు దొర్లిపోయాయి. లచ్చన్న స్తంభం మీద నుంచి గడ్డివాము మీద పడాలి, ఆసుపత్రిలో కోలుకోవాలి, పది నుంచి అయిదు మధ్యనే సాహసాలు చెయ్యాలి. నల్ల వానకోటు తెల్లగా ఉండాలి. టోపీ తీసి ముఖం చూపించాలి, ఆ ముఖం ప్రసన్నంగా ఉండాలి. బల్బు మూడుసార్లు కొట్టుకోవడం విద్యుత్ సరఫరా మీద ప్రజల్లో అపోహలు కలిగించును గనుక బల్బు నిలకడగా వెలగాలి. పుటలో నలుపు పదిహేను శాతం దాటరాదు. పాదాలు ఉద్యోగి ప్రయాణించు దిశలో ఉండాలి.

"పాదాలు సరిచేస్తే ఎలాగండి!" గవర్రాజు స్టూలు మీద నుంచి లేచాడు. "ఆ అడుగులు చూసే కదండి దొంగ బోల్తా పడేది! పాదాలు ముందుకు పెడితే వాడు తిన్నగా తప్పించుకుపోతాడు. కథే ఉండదండి."

"తప్పించుకోనివ్వండి."

"దొంగైనా భయపడొద్దాండి?"

"పథకంలో దొంగలకు మినహాయింపు లేదు," అన్నాడు వైకుంఠరావు. "భయం ఎవరికీ కలగరాదు. ఆఖరి నల్లగడిని తెలుపు చేసి అందులో 'శుభం' అని రాయండి. చిన్నదే కదా, ఒక పూట పని."

ప్రకాశవతి ఏదో అనబోయి, గోడ మీద పథకం పేరున్న బ్యానరు వంక చూసి, పెన్ను మూత పెట్టుకుంది.

ఇంటి దగ్గర భార్య పేరంటాలు సంగతంతా విని, చింతపండు పిసుకుతూనే తీర్పు చెప్పింది. "చచ్చినోణ్ని బతికించి, బతికున్నోణ్ని చంపేసినట్టుందండి వ్యవహారం. ఇవ్వనని చెప్పేసి బొమ్మలు తెచ్చేసుకోండి. బీరువాలో చోటుంది."

"బీరువాలో ఎవరు చూస్తారే?"

"ఆళ్లు చెప్పినట్టు చేస్తే మాత్రం ఎవరు చూస్తారు?"

కానీ ఆశ అనేది ఒకటుంటుంది కదా, బోడిగుండుకు దువ్వెన కొనిపిస్తుంది. పేరు లచ్చన్నే కదా, ఏదో ఒక మూల పాత లచ్చన్న మిగలకపోతాడా అనుకుని గవర్రాజు ఒప్పుకున్నాడు.

దిద్దుబాట్లు అసలు పుటల మీదే, ఆఫీసులోనే, కార్యదర్శి సమక్షంలో చెయ్యాలని షరతు పెట్టారు. దిద్దకముందు హనుమద్దాసు మూడువందల పద్దెనిమిది పుటలకూ నకళ్లు తీయించి కట్టకట్టాడు. "దిద్దకముందు ఎలా ఉందో దస్త్రంలో లేకపోతే, ఏం దిద్దామని ఆడిట్ వాళ్లకి చెప్తామండి?" అన్నాడు. ఆ కట్టను ప్రకాశవతి "పునఃపరిశీలనకు" ఇంటికి తీసుకెళ్లింది. నెల దాకా తిరిగి తేలేదు.

గవర్రాజు పద్దెనిమిది రోజులు ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని లచ్చన్నను తెల్లగా పూశాడు. అయితే ఒక్క మాట చెప్పాలి. ఇండియన్ ఇంకు ఆరాక నీళ్లకు కరగదు. పోస్టరు తెలుపు తడిగుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. ఈ సంగతి ఉపసంఘానికి తెలియదు, గవర్రాజుకు తెలుసు. కాబట్టి కాగితం మీది బొమ్మ బతుకుతుంది. కానీ అచ్చయ్యేది మాత్రం ఈ తెల్లదే. పిల్లల చేతుల్లోకి వెళ్లేది ఈ తెల్లదే. మొదటి నల్లగడి మీద తెల్లకుంచె పెట్టినప్పుడు గవర్రాజుకు ఏడుపొచ్చింది. హనుమద్దాసు చూసి, రంగు ఘాటు కాబోలని ఫ్యాను వేశాడు.

"లైన్‌మన్ లచ్చన్న, అభయ సంచిక" అట్టహాసంగా విడుదలైంది. తెల్లకోటులో లచ్చన్న అచ్చం ఆసుపత్రి కాంపౌండరులా ఉన్నాడు. స్తంభమెక్కుతాడు, జాగ్రత్తగా దిగుతాడు, క్యారేజీ విప్పి అన్నం తింటాడు. దొంగ ఎదురైతే ఇద్దరూ నమస్కారాలు చేసుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. మాటల బుడగల్లో "అమ్మో!" అన్నచోటల్లా "ఆహా!" అని మార్చారు. ఆరువందల నలభై బడులకూ కట్టలు వెళ్లాయి. ఆరు నెలల తర్వాత తనిఖీ చేస్తే ఎక్కడి పుస్తకాలు అక్కడే ఉన్నాయి, అట్ట కూడా నలగలేదు. ఒక బడిలో మాత్రం వాడుకున్నారు, బల్ల కోడు ఎత్తు చాలక కిందపెట్టారు. "పుస్తకం చూసి భయపడిన విద్యార్థుల సంఖ్య: సున్న" అని మండలి సగర్వంగా నివేదిక పంపింది.

ఆ నివేదిక చూసి పైవాళ్లు మురిసిపోయి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. వాళ్లొక ప్రశ్న వేశారు. భయరహితమైన పుస్తకం సరే, భయమున్న పుస్తకం బయటి నుంచి బళ్లోకి వస్తే ఉపాధ్యాయులు గుర్తుపట్టేదెలా? ఏది చూపరాదో తెలియకుండా చూపకుండా ఉండటమెలా?

వైకుంఠరావు రెండు రోజులు ఆలోచించి, న్యాయమైన ప్రశ్నేనని తేల్చి, ఒక ఉత్తర్వు తయారుచేశాడు. అందులో ఇలా ఉంది: "విద్యార్థులకు చూపరాని పుటలు ఎట్లుండునో తెలియజేయు నిమిత్తము, దిద్దుబాటుకు పూర్వపు మూడువందల పద్దెనిమిది పుటలను యథాతథముగా అచ్చొత్తించి, అనుబంధముగా అన్ని పాఠశాలలకు పంపడమైనది. ప్రతి విద్యార్థి ఈ పుటలను క్షుణ్ణముగా పరిశీలించి, ఇట్టివి మరెక్కడైనను కనబడిన యెడల చూడకుండుటకు సంసిద్ధుడై ఉండవలెను. పరిశీలించినట్లు సంతకము తీసుకొనవలెను."

అచ్చు బాధ్యత హనుమద్దాసుది. నకలు యంత్రం అసలే నలుపును ఇంకా నలుపు చేసింది. ప్రెస్సువాడు చాలడం లేదనుకుని సిరా ఇంకో చెయ్యి ఎక్కువే వేశాడు. ప్రతి పుట అడుగునా ప్రకాశవతి నెల రోజులు ఇంట్లో కూర్చుని రాసిన గమనికలున్నాయి. "గమనిక: ఈ గడిలో కుడి మూలన తదేకంగా చూసిన యెడల వేళ్లు కనిపించును. పిల్లలు అటు చూడకుండా జాగ్రత్తపడవలెను." ఇంకోచోట: "ఈ పుటను ఒంటరిగా, దుప్పటి కప్పుకుని చూసినచో భయము రెట్టింపగును. అట్లు చేయరాదు."

ఇవేవీ గవర్రాజుకు తెలియవు. అతనికి తెలిసింది ఒక సోమవారం పొద్దున, బస్టాండు దగ్గర అరటిపండ్ల కొట్టుకు బోర్డు రాస్తున్నప్పుడు. బస్సు కోసం కూర్చున్న నలుగురు ఆడపిల్లలు ఒక పుస్తకం మీద తలలు ఆనించి ఉన్నారు. అట్ట లేదు. ప్రభుత్వ ముద్ర ఉంది. అంచులు అప్పుడే అప్పడాల్లా లేచిపోయాయి.

"కుడి మూల చూడకూడదంట," అంది ఒకతె గుసగుసగా.

"చూశావా?"

"చూశాను. నువ్వు చూడకు."

రెండోది చూసింది. మొత్తం బస్టాండు ఉలిక్కిపడేలా కెవ్వున అరిచింది. వెంటనే నలుగురూ నవ్వులు. మూడోది పుస్తకం లాక్కుంది. గవర్రాజు నిచ్చెన మీద నుంచి దిగి, కుంచె చేత్తో పట్టుకునే దగ్గరికెళ్లి చూశాడు. నల్లకోటు. వెనక్కి తిరిగిన పాదాలు. తన లచ్చన్నే, తను గీసినదాని కంటే కూడా ఒక పాలు నల్లగా ఉన్నాడు.

"ఈ పుస్తకం ఎక్కడిదమ్మా?"

"బళ్లో ఇచ్చారు తాతయ్యా. చూడకూడని పుస్తకం. మాకు శనివారం సంతకం పెట్టాలి," అంది ఆ పిల్ల, పుస్తకం వెనక్కి దాచుకుంటూ. "మీకివ్వం. మా క్లాసులో ఇంకా ఇరవై మంది ఉన్నారు."

బోర్డు సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తి పేరంటాలుకు చెప్పాడు. ఆవిడ విని చాలాసేపు నవ్వింది. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, "ఇది ఆళ్లకి తెలిసే చేశారంటారా? తెలీక చేశారంటారా?" అని అడిగింది. ఆ అనుమానం గవర్రాజుకూ పట్టుకుంది. నాలుగు వారాలు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. అయిదో వారం మండలి నుంచి అత్యవసరమని రాసిన కాగితం వచ్చింది, వెంటనే హాజరు కావలెనని.

అయిపోయింది, వెనక్కి తెప్పించేస్తారు, పిల్లల చేతుల్లోంచి లాగేస్తారు అనుకుంటూ గవర్రాజు గుమ్మమెక్కాడు. ఉపసంఘం ముగ్గురూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఉత్తరాల గుట్ట.

"కూర్చోండి," అన్నాడు వైకుంఠరావు. ఈసారి స్టూలు కాదు, కుర్చీ. "అనుబంధం విషయంలో తీవ్ర పరిస్థితి ఏర్పడింది. పంపిన ప్రతులు విద్యార్థుల విస్తృత పరిశీలన వల్ల చిరిగిపోయాయి. నాలుగువందల పాఠశాలలు మళ్లీ కోరుతున్నాయి. హాజరు కూడా పెరిగిందట, శనివారం ముఖ్యంగా. పథకం ఇంతగా అమలైన జిల్లా వేరే లేదని పైనుంచి ప్రశంస వచ్చింది."

గవర్రాజు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"అసలు సమస్య అది కాదు. చూపరాని పుటల జాబితాను ఏటా కొత్తగా విడుదల చెయ్యాలని ఉత్తర్వులో మేమే రాశాం. వచ్చే ఏడాదికి నిషేధించడానికి ఒక్క పుట కూడా లేదు. వచ్చిన అర్జీలన్నీ చూశాం. అందరూ నవ్వే సింహాలే గీస్తున్నారు."

"ఒకాయన సింహానికి బొట్టు పెట్టి, జడ కూడా వేశాడండి," అన్నాడు హనుమద్దాసు దిగులుగా. "అలాంటిదాన్ని నిషేధిస్తే మమ్మల్ని చూసి నవ్విపోతారు."

వైకుంఠరావు ముద్ర వేసిన కాగితం ముందుకు తోశాడు. "విషయము: నిషేధించుటకు యోగ్యమైన పుటలు సమర్పించుట గురించి." కడలి గవర్రాజు అను చిత్రకారుడు ఏటా నలభై ఎనిమిది పుటలకు తగ్గకుండా ఆమోదయోగ్యము కాని చిత్రకథలు గీసి ఇవ్వాలి. అవి ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమోదం పొందరాదు. పొరపాటున ఏ పుట అయినా నిరపాయకరమని తేలిన యెడల తిరిగి గీయాలి.

గవర్రాజు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వు తన్నుకొస్తోంది. నవ్వితే ఉత్తర్వు రద్దవుతుందేమోనని బుగ్గలు లోపల కొరుక్కున్నాడు.

"ఎంత భయంగా ఉండాలండి?" అని అతి వినయంగా అడిగాడు.

వైకుంఠరావు నిబంధనల పుస్తకం తిరగేశాడు. అందులో పరిమితి దొరకలేదు. ప్రకాశవతి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆవిడ కళ్లు బడి గంట విన్న పిల్లకళ్లలా ఉన్నాయి.

"పోయినసారి కంటే ఎక్కువే ఉండాలి బాబూ," అంది. "లేకపోతే నిషేధించడానికి మనసొప్పదు."